బట్ట కథలు – 7: లోలంగా ఎవరి సిగ్గు?



ఈ మధ్య ఫేస్‌బుక్కులో ఒక మాట బాగా తిరుగుతోంది. రవిక, లోలంగా మనవి కావట. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లీషువాళ్ళు తెచ్చి మన ఆడవాళ్ళకి అంటగట్టిన సిగ్గట అది. అంతకుముందు మన ఆడవాళ్ళు ఒంటి మీద ఒక్క చీరతో హాయిగా ఉండేవాళ్ళట. కాబట్టి లోలంగా విప్పి అవతల పారేస్తే సగం వలస పాలన వదిలిపోయినట్టేనట. రాసేవాళ్ళు చదువుకున్నవాళ్ళే. కింద లవ్ గుర్తులు వందల్లో ఉంటున్నాయి. నా స్నేహితులు ఇద్దరు ముగ్గురు షేర్ కూడా చేశారు.

అందులో "మన ఆడవాళ్ళు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఈ మనం ఎవరం?

అది మాట్లాడేముందు ఒక సంగతి. విక్టోరియా కాలం లోలంగా గురించి పుస్తకాల్లో చదివి మాత్రమే నేను రాయడం లేదు. మొన్న వేసవి సెలవుల్లో బందరులో మా ఇంట్లో కూర్చుని ఒకటి కుట్టాను. బయటి దేశాల్లో దీన్ని సరదాగా చేసే ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. నూట యాభై ఏళ్ళ నాటి షెమీజు, డ్రాయర్లు, కార్సెట్టు, పెట్టీకోటు పాత పద్ధతిలో ఇంట్లో కుట్టుకుని, ఎలా కుట్టారో వీడియోలు పెడతారు. రాత్రిళ్ళు అవే చూస్తూ కూర్చున్నాను. "తెలుగులో డాక్టరేటు చేసి లంగాలు కుట్టుకుంటున్నావా అమ్మా" అని మా స్టాఫ్ రూములో ఒకాయన నవ్వాడు. మా అమ్మ ముప్పై ఏళ్ళు లంగాలు కుట్టబట్టే నాకు డాక్టరేటు వచ్చింది సార్ అన్నాను.

చాలా మామూలు వస్తువు అది. తెల్లటి నూలు గుడ్డ రెండు మూడు పన్నాలు పక్కపక్కన పెట్టి కలిపి కుట్టడం, పైన కుచ్చులు పోసి నడుం పట్టీలోకి ఎక్కించడం, కింద వెడల్పాటి మడత. మన ఆరు ముక్కల లంగాలాగా ఏటవాలుగా కత్తిరించి పేలికలు పారేసే పని లేదు. అన్నీ చదరాలే కాబట్టి గుడ్డ ఒక్క అంగుళం వృథా కాదు. మడతకి పైన అడ్డంగా రెండు మూడు టక్కులు పెడతారు. అవి అందానికి అనుకుంటాం. అందంతో పాటు ఇంకో పని కూడా ఉంది. ఆడపిల్ల పొడుగు అవుతున్నకొద్దీ ఏడాదికో టక్కు కుట్టు విప్పుకుంటూ పోతే అదే లంగా నాలుగేళ్ళు వస్తుంది. ఇది చూసి మా అమ్మ పకపకా నవ్వింది. మా చిన్నప్పటి పరికిణీలన్నీ ఆవిడ అలాగే కుట్టేది. కొత్తగా విప్పిన చోట రంగు వెలవకుండా ముదురుగా గీతలాగా ఉండేది. ఆ గీతలు లెక్కపెట్టి క్లాసులో మా వయసు చెప్పేవాళ్ళు.

బట్ట బిగువుగా నిలబడటానికి గంజి పెట్టేవాళ్ళు. 1856లో ఉక్కు కమ్ముల పంజరం లాంటి క్రినోలిన్ వచ్చేదాకా, పైగౌను గుమ్మటంలా నిలబడాలంటే గంజి పెట్టిన లోలంగాలు నాలుగు, అయిదు, ఆరు ఒకదాని మీద ఒకటి వేసుకునేవాళ్ళు దొరసానులు. ఇన్ని ఎవరు ఉతికేవాళ్ళో, ఎవరు గంజి పెట్టేవాళ్ళో, ఎవరు ఇస్త్రీ చేసేవాళ్ళో ఆ వీడియోల్లో చెప్పరు. వాళ్ళకీ ఒక చాకలిపేట ఉండే ఉంటుంది.

ఇప్పుడు "వాళ్ళు తెచ్చి మనకి అంటగట్టారు" అన్న మాట దగ్గరికి వద్దాం. బందరులో ఉండి ఈ మాట వింటే నాకు నవ్వొస్తుంది. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో ఈ రేవుకి వచ్చింది మనకి లంగాలు ఇవ్వడానికి కాదు, ఇక్కడి గుడ్డ పట్టుకుపోవడానికి. చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం వేసిన చీటిగుడ్డ ఇక్కణ్ణించీ, ఈ కోస్తా పొడుగునా ఉన్న మిగతా రేవుల నించీ ఓడలెక్కి పోయింది. అక్కడ దానితో పక్క దుప్పట్లు కుట్టుకున్నారు, మగవాళ్ళ ఇంటి కోట్లు కుట్టుకున్నారు, ఆడవాళ్ళ పెట్టీకోట్లు కుట్టుకున్నారు. కోరమాండల్ తీరంలో అద్దిన పెట్టీకోటు ముక్కలు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. అప్పట్లో పెట్టీకోటు దాచుకునేది కాదు, గౌను ముందు భాగం తెరిచి అందరికీ చూపించేది. ఆ మోజు ఎంత ముదిరిందంటే ఫ్రాన్సు 1686లో ఈ అద్దకం గుడ్డల్ని నిషేధించి 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండు 1721లో చట్టం చేసి, కొనడమే కాదు ఒంటి మీద వేసుకోవడం కూడా నేరం అంది. ఆ చట్టం 1774 దాకా ఉంది. తర్వాత మాంచెస్టరు మరలు వచ్చాయి, మన గుడ్డ ఆగింది, వాళ్ళ గుడ్డ ఇటు వచ్చింది. పెట్టీకోటు తెల్లబడి లోపలికి పోయింది.

గుడివాడ నించి బందరు రైల్లో వచ్చేటప్పుడు పెడన దాటుతుంటే ఈ కథ గుర్తొస్తుంది. అక్కడ ఇంకా అచ్చులు కొడుతూనే ఉన్నారు. కొట్టేవాళ్ళ కూలి గురించి వేరే భాగం రాయాలి.

తెల్లబడిన ఆ పెట్టీకోటు అంచుకి లేసు కావాలి. అది ఎక్కడ అల్లారు? మన పక్క జిల్లాలోనే, నర్సాపురం చుట్టూ. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దొరసానులు క్రైస్తవంలోకి వచ్చిన బీద ఆడవాళ్ళకి, అంటే ఎక్కువగా మాల మాదిగ ఆడవాళ్ళకి, బతుకుదెరువుగా లేసు అల్లకం నేర్పారు. సరుకు బయటి దేశాలకి పోయేది. తర్వాత వ్యాపారం పెరిగి షావుకార్ల చేతికి పోయింది, అల్లే చేతులు కూడా మారాయి. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు అక్కడ ఉండి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. అప్పటికి అల్లేవాళ్ళలో ఎక్కువమంది కాపు ఆడవాళ్ళు. గడప దాటకుండా ఇంట్లో కూర్చుని చేసే పని కాబట్టి తమది గౌరవమైన బతుకని వాళ్ళు అనుకునేవాళ్ళు. ఊడ్పులకి పోయే మాల మాదిగ ఆడకూలీలకి వాళ్ళకంటే ఎక్కువ కూలి వచ్చేదని మీస్ లెక్కగట్టి చూపించింది. మా పీజీ రోజుల్లో ఆ పుస్తకం జిరాక్సు చదివి, గౌరవం రేటు ఎంత తక్కువో అనుకున్నాను.

అయితే ఆ పోస్టుల్లో అసలు తప్పు ఇది కాదు. రవిక ఇంగ్లీషువాళ్ళు తెచ్చింది కాదు అన్నది తెలుగు ఎమ్మే మొదటి ఏడాది పిల్లలకి కూడా తెలుసు. కావ్యాల్లో కంచుకం ఉంది, పయ్యెద ఉంది. రవిక అన్న మాటకి 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులో అర్థం ఉంది. ఆ బ్రౌన్ కొంతకాలం బందరులో ఉద్యోగం చేసినవాడే. మాట ఉంది, వస్తువు ఉంది. ఎవరికి ఉంది అన్నదే ప్రశ్న. కావ్య నాయిక కంచుకం బిగువు మీద పద్యాలు రాసిన కవులకి, ఆ నాయిక ఇంటి వెనక ధాన్యం దంచే ఆడమనిషి ఒంటి మీద ఏముందో రాయడానికి ఒక్క పాదం కూడా మిగల్లేదు.

మా తాతమ్మ, అంటే మా అమ్మమ్మ తల్లి, దివిసీమలో నాగాయలంక దగ్గర మాలపల్లిలో బతికింది. ఆవిడకి రవిక లేదు. అమ్మమ్మ చెప్పేది: "మీ తాతమ్మకి ఒంటి నిండా చీర కూడా లేదే, రవిక ఎక్కడ?" కామందుల ఇంట్లో పండక్కి ఇచ్చే పాత చీర సగానికి చించి తల్లీ కూతురూ కట్టుకునేవాళ్ళు. పొలంలోకి పోయేటప్పుడు మోకాళ్ళ పైకి ఎగ్గట్టి గోచీ పెట్టాలి. కింద లోలంగా ఉంటే బురద నీళ్ళలో తడిసి కాళ్ళకి చుట్టుకుంటుంది అనేది ఒక కారణం. ఉన్నా వేసుకోనివ్వరు అనేది రెండో కారణం. కొత్త రవిక వేసుకుని కళ్ళంలోకి వచ్చిన కోడలుపిల్లని "ఏమే, దొరసానివయ్యావా" అన్న మాట అమ్మమ్మ చెవుల్లో చచ్చేదాకా ఉంది. ఆ మాట అన్నది మగవాడు కాదు, కామందు పెళ్ళాం. ఆవిడ ఒంటి మీద రవిక ఉంది.

చండాలులు శవాల మీది బట్టలు కట్టుకోవాలని మనుస్మృతి పదో అధ్యాయంలో రాసిపెట్టారు. పండక్కి ఇచ్చే పాత చీరకి, ఆ శాసనానికి మధ్య దూరం ఎంతో మీరే కొలుచుకోండి.

అమ్మమ్మకి మాత్రం ఒక రవిక ఉండేది. తెల్లది, ముందు ముడివేసుకునేది. ఆదివారం గుడికి పోయేటప్పుడే వేసుకునేది, ఇంటికి రాగానే విప్పి మడతపెట్టి కుండలో దాచేది. మా ఇంట్లో దాని పేరే ఆదివారం రవిక. వారంలో ఆరు రోజులు ఊరి రాజ్యం, ఒక రోజు రవిక రాజ్యం. దీన్ని పట్టుకుని ఎవరైనా "విక్టోరియన్ సిగ్గు" అంటే నాకు కోపం రాదా? సిగ్గు పడమని ఎవరూ ఆవిడకి నేర్పలేదు. ఒళ్ళు కప్పుకునే హక్కు లేకపోవడం ఏమిటో ఆవిడకి ముందే తెలుసు.

ఇది దివిసీమ ఒక్కచోటి సంగతి కాదు. తిరువాన్కూరులో నాడార్ ఆడవాళ్ళు రొమ్ము కప్పుకోవడానికి దశాబ్దాల పాటు తన్నులు తిన్నారు, గుడిసెలు తగలబెట్టించుకున్నారు. చివరికి 1859 జులై 26న రాజు ప్రకటన వచ్చింది. కప్పుకోవచ్చు, కానీ పై కులాల ఆడవాళ్ళు కప్పుకునే తరహాలో కాదు అని మెలిక పెట్టి మరీ ఇచ్చారు. 1927 డిసెంబరులో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టిన ఆ సభల రోజుల్లోనే బాబాసాహెబ్ ఆడవాళ్ళని కూర్చోబెట్టి చీర కట్టు గురించి మాట్లాడారు. మీ కట్టు చూసి, మీ ఒంటి మీది బరువైన లోహపు నగలు చూసి మీ కులం చెబుతున్నారు, అవి మార్చండి అన్నారు. ఆడవాళ్ళు మర్నాటికల్లా కట్టు మార్చారు. అంత పెద్ద పోరాటం మధ్యలో ఆయన చీర అంచు పాదాల దాకా రావాలా వద్దా అన్నది చిన్న విషయం అనుకోలేదు.

ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నేనూ సగమే చెప్పినట్టు. మిషన్ వాళ్ళు దేవతలేం కాదు. బందరులో 1843లో మొదలైన నోబుల్ దొర బడిలో మాల మాదిగ పిల్లల్ని చేర్చుకోలేదు, పై కులాలవాళ్ళు పిల్లల్ని మాన్పిస్తారని. ఆడపిల్లల మిషన్ బళ్ళలో కుట్టుపని నేర్పింది వాళ్ళు రవికలు కుట్టుకోవాలనే కాదు, వంచిన తల ఎత్తకుండా కూర్చోవడం అలవాటవ్వాలని కూడా. మంచి భార్య, తెల్లటి బట్ట, నెమ్మదైన గొంతు అన్నది ఒక పూర్తి సిలబస్సు. ఆ సిలబస్సు మా పెద్దమ్మల్ని ఎంత నలిపిందో నాకు తెలుసు. కొంగు మీద జూపాక సుభద్ర రాసిన కవిత చదవనివాళ్ళు చదవండి. పని చేసే ఆడదానికి కొంగు రొమ్ము కాపలా కాదు, అదొక పనిముట్టు. ఆ సంగతి ఏ దొరసానీ మనకి చెప్పలేదు. కాబట్టి విక్టోరియా సిగ్గు లేదు అని నేను అనడం లేదు. ఆ సిగ్గు నేర్పినవాళ్ళ చేతిలోంచి మనవాళ్ళు తమకి కావలసినంత గుడ్డ మాత్రం లాక్కున్నారు అంటున్నాను.

లోపలి గుడ్డ విలువ తెలియాలంటే 1977 నవంబరు 19 ఉప్పెన గురించి దివిసీమ ముసలమ్మల్ని అడగాలి. సర్కారు లెక్కలోనే పదివేలమంది దాకా పోయారు. మిగిలినవాళ్ళు తాడిచెట్ల మీద, తుమ్మకంపల్లో తేలారు. నీళ్ళు ఒంటి మీది గుడ్డలు కూడా లాక్కుపోయాయి. తెల్లారి చెట్టు దిగడానికి సిగ్గుపడి, ఎవరైనా గుడ్డ ముక్క విసిరేదాకా అక్కడే ఉన్న ఆడవాళ్ళ గురించి అమ్మమ్మ చెప్పేది. తర్వాత లారీల్లో పాత బట్టలు వచ్చాయి. చీరలు ఉన్నాయి, చొక్కాలు ఉన్నాయి, ప్యాంట్లు కూడా ఉన్నాయి. లోలంగాలు, రవికలు లేవు. ఇచ్చేవాళ్ళకి చీర గుర్తొస్తుంది, దాని కింద ఏం ఉండాలో గుర్తు రాదు. పల్చటి నైలాన్ చీర, కింద ఏమీ లేదు, వర్షం ఇంకా పడుతోంది. అమ్మమ్మ సాయంగా వచ్చిన పిండి సంచులు విప్పి, ఉడకబెట్టి, చేత్తో లంగా కుట్టుకుంది. సంచి మీది అచ్చక్షరాలు ఎన్ని ఉతుకులైనా పోలేదట. పిరుదుల మీద ఇంగ్లీషు రాసుకుని తిరిగామే అని నవ్వేది.

మా అమ్మ చేతికి మెషీను వచ్చాక కథ మారింది, పూర్తిగా మాత్రం కాదు. ఎస్సీ కార్పొరేషన్ లోనుతో కొన్న తొక్కుడు మెషీను అది. ఊళ్ళో పెద్ద కులాల ఆడవాళ్ళు కూడా జాకెట్లు అమ్మ దగ్గరే కుట్టించుకునేవాళ్ళు, కుట్టు బాగుంటుందని. టేపు పట్టి కొలవనిచ్చినవాళ్ళు ఒకరో ఇద్దరో. మిగతావాళ్ళు ఆది జాకెట్టు పంపించేవాళ్ళు. ఆది జాకెట్టు టైలరింగులో అందరికీ ఉన్న అలవాటే, కాదనను. కానీ మా ఇంటికి వచ్చినప్పుడు దానికి ఇంకో పని ఉండేది. మనిషిని ముట్టుకోకుండా మనిషి కొలత తీసుకోవచ్చు. కుట్టిన జాకెట్టు గుమ్మంలో తీసుకుని పసుపునీళ్ళు చల్లి లోపలికి పట్టుకెళ్ళేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళ మనవరాళ్ళే "బ్లౌజ్ వలసవాదం" అని రాస్తున్నారు. రాయనీ. లోలంగా వదిలేయడం వాళ్ళ స్వేచ్ఛ, నేను అడ్డురాను. బీరువా నిండా ఉన్నవాళ్ళు ఏదైనా వదిలేయొచ్చు. ఎన్నడూ చేతికి రానిదాన్ని వదిలేయడం ఎలాగో నాకు చెప్పండి.

లోలంగా మీద నిజంగా మాట్లాడాల్సిన సంగతులు వేరే ఉన్నాయి. ఒకటి బొందు. పొద్దున్నించి సాయంత్రం దాకా వంగి నాట్లు వేసే ఆడమనిషి నడుం చుట్టూ సన్నటి బొందు బిగించి కట్టుకుంటే ఏమవుతుంది? నల్లటి గాడి పడుతుంది. ఆ గాడిలో చెమట, బురద, ఒరుపు. పుండవుతుంది, మానుతుంది, మళ్ళీ అవుతుంది. చాలాకాలం మానని ఆ పుండు క్యాన్సరుగా మారిన ఇద్దరు ఆడవాళ్ళ గురించి మన దేశపు డాక్టర్లే 2024లో బీఎంజే కేస్ రిపోర్ట్స్ పత్రికలో రాశారు. అరుదైన జబ్బే. పుండు మాత్రం అరుదు కాదు, మా పల్లెలో ఏ పెద్దమ్మ నడుం చూసినా కనపడుతుంది. నేను కుట్టిన విక్టోరియా లంగాలో నాకు నచ్చింది లేసు కాదు, రెండంగుళాల నడుం పట్టీ. బరువు ఒక గీత మీద పడకుండా పరుచుకుంటుంది.

రెండోది ఆరేసుకునే చోటు. ఆడపిల్లల హాస్టల్ ఒకటి, పేరు చెప్పను, ఆ పిల్లల్లో కొందరు నా విద్యార్థులు. లోబట్టలు డాబా మీద ఆరేయకూడదని అక్కడ నియమం. ఎదురింటివాళ్ళకి కనపడతాయట. గదుల్లో తీగ కట్టకూడదు. ఇక పిల్లలు ఏం చేస్తారు? తడి లోబట్ట మీద చున్నీ కప్పి మంచం కోడుకి వేలాడదీస్తారు. ఎండ తగలని ఆ గుడ్డే మళ్ళీ వేసుకుంటారు. నెలసరి రోజుల్లో సంగతి చెప్పక్కర్లేదు. దురదలు, మంటలు, డాక్టరు దగ్గర చెప్పలేకపోవడం. ఒక పిల్ల నాతో అంది: "మేడం, మా బట్టలకి కూడా ఎండలోకి రావడానికి పర్మిషన్ లేదు." విక్టోరియా సిగ్గు ఎక్కడుందని వెతికేవాళ్ళు ముందు ఆ డాబా ఎక్కి చూడాలి. తాళం వార్డెన్ దగ్గర ఉంటుంది. ఆడపిల్లల హాస్టళ్ళు ఉన్న ఊళ్ళలో పనిచేసే మిత్రులు, ముఖ్యంగా లెక్చరర్లు, మీ పిల్లల్ని ఈ ఒక్క ప్రశ్న అడగండి: బట్టలు ఎక్కడ ఆరేస్తున్నారు? జవాబులు నాకు రాయండి. పేర్లు అక్కర్లేదు. కలిపి ఒక అర్జీ తయారుచేద్దాం. ఆడుగుతున్నది డాబా మీద నాలుగు తీగలు, చుట్టూ తడికలు, అంతే.

ఇన్‌బాక్సులో కొలతలు అడిగినవాళ్ళ కోసం. ముప్పై ఆరంగుళాల పన్నా పాప్లిన్ రెండుంబావు మీటర్లు తీసుకోండి. ముందు తడిపి ఆరబెట్టండి, లేకపోతే తర్వాత కుంచించుకుపోతుంది. నలభై ఒక్క అంగుళాల ముక్కలు రెండు, నడుం పట్టీకి అయిదంగుళాల ముక్క ఒకటి కత్తిరించాలి. ముక్కలు రెండూ పక్కల కలిపి కుట్టండి, ఒక పక్క పైన తొమ్మిది అంగుళాలు తెరిచి వదలండి. కింద మూడంగుళాల మడత. దానిపైన అరంగుళం టక్కులు మూడు, ఒక్కోటి అంగుళం గుడ్డ తింటుంది, పిల్ల ఎదిగినప్పుడు ఒక్కోటే విప్పుకోవచ్చు. పైన కుచ్చులు పోసి పట్టీ మడతలోకి ఎక్కించండి. అన్నీ అయ్యాక, పట్టీతో కలిపి, దాదాపు ముప్పై ఆరు అంగుళాల పొడుగు వస్తుంది. బొందు వద్దు. గుండీలు రెండు వరసగా పెట్టండి, ఒకటి భోజనానికి ముందు, ఒకటి తర్వాత. కాజాలు చేత్తో కుడితే ఎక్కువ కాలం ఆగుతాయి.

వచ్చే భాగం చెప్పుల గురించి.